ఇంకో పావు చుట్టు

ఆ షెడ్డులో బోల్టు బిగించడమంటే ఒకరితో అయ్యే పని కాదు. ఒకరు బిగిస్తారు. పక్కనుంచి వెళ్తున్న రెండోవారు ఊరుకోరు, పానా తీసుకుని ఇంకో పావు చుట్టు తిప్పుతారు. మూడోవారు వచ్చి, ముందు ఇద్దరూ బిగించారని తెలిసి కూడా తన వంతు పావు తిప్పి వెళ్తారు. ఇంటిల్లిపాది చెయ్యీ పడందే ఏ బండీ గుమ్మం దాటకూడదన్నది మామగారి తండ్రి పెట్టిన నియమం. ఆయన పోయి పాతికేళ్లయినా ఆయన బిగించిన బోల్టులు కొన్ని ఇప్పటికీ ఊడి రాలేదు. ఆ కుటుంబం దాన్ని గొప్పగా చెప్పుకుంటుంది. ఆ బండ్లని తర్వాత విప్పాల్సి వచ్చిన వేరే మెకానిక్కులు ఏమని చెప్పుకుంటారో ఇక్కడ రాస్తే బాగుండదు.

అలాంటి ఇంటికి ఇల్లరికం వచ్చాడు అల్లుడు. వచ్చి ఎనిమిది నెలలైంది. అంతకుముందు అతను పగిలిన బకెట్లు, నీళ్ల డ్రమ్ములు, విరిగిన కుర్చీలు అతికే చిన్న కొట్టు నడిపేవాడు. ఒకరోజు చీలిపోయిన బ్యాటరీ పెట్టె పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. అతను వేడి కడ్డీతో ప్లాస్టిక్‌ని వెన్నలా కరిగించి, అది మళ్లీ గట్టిపడేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం చూసింది. ఇంత ఓపిక ఉన్న మనిషి మా ఇంట్లో మందుకైనా లేడనుకుని, అతన్నే పెళ్లి చేసుకుంది.

కానీ ఇనుము మనుషుల మధ్య ప్లాస్టిక్ మనిషికి విలువేముంటుంది? షెడ్డులో నాలుగు బల్లలున్నాయి. ఇంజిన్ల బల్ల అత్తగారిది, గేర్ల బల్ల మామగారిది, చక్రాలూ బ్రేకులూ బావమరిదివి. కిటికీ పక్కన వెలుతురు బాగా పడే వైరింగ్ బల్ల భార్యది. పదహారో ఏట మొదలుపెట్టి తండ్రితో ఆరేళ్లు పోట్లాడి సంపాదించుకున్న బల్ల అది. ప్రతి బల్లకీ పనిముక్కని బిగించి పట్టే ఒక వైస్, దాని వెనక గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఆ మనిషి పానాలు. అల్లుడికి బల్లా లేదు, మేకూ లేదు. మూలన బోర్లించిన ఒక నీలం డ్రమ్ముంది. దాని మీద కూర్చుని పంక్చర్లు వేస్తాడు. ఇంటిల్లిపాది పావు చుట్టు తిప్పే వేళ అతని చేతికి పానా ఇవ్వాలని ఎవరికీ తోచేది కాదు.

దానికి తోడు మర్యాద ఒకటి. మామగారు కొడుకుని "ఒరేయ్ గాడిదా" అంటారు, కూతుర్ని "ఏమే" అంటారు, భార్యని భయం కొద్దీ ఏమీ అనరు. అల్లుణ్ణి మాత్రం "అల్లుడుగారూ, మీరు లేవకండి, మీకెందుకండీ శ్రమ" అంటారు. వినడానికి ఎంత గౌరవం! ఆ మాట వినపడినప్పుడల్లా తనని గుమ్మంలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుండేది అతనికి. అత్తవారింట్లో తిట్టు కోసం మొహం వాచిపోయిన అల్లుడు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు.

ఒక సోమవారం పొద్దున్నే తేనెటీగలు పెంచే ఆవిడ తన నాలుగు చక్రాల బైకు మీద వచ్చింది. గుట్టలూ గుంతలూ లెక్కచేయని లావు టైర్ల బండి. ఈగలతో సహవాసం వల్ల ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజు కూడా మెల్లగానే అంది.

"మీరు ట్యాంకు కింది కుళాయి, అదే పెట్రోలు కాక్, మార్చి నెలన్నరైందండీ. నెల నుంచీ కారుతోంది."

చూస్తే, ట్యాంకు కింద తాడుతో ఒక స్టీలు గ్లాసు కట్టి ఉంది.

"గంటకో గ్లాసు నిండుతుంది. ఆగి మళ్లీ పైనుంచి పోసేస్తున్నా," అంది ఆవిడ, చెట్టుకి నీళ్లు పోస్తున్నానని చెప్పినంత మామూలుగా.

మామగారు పానా పెట్టి కాక్ బోల్టు తిప్పారు. తిరిగింది. ఇంకో పావు తిప్పారు. తిరిగింది. ఇంకో పావు. ముందు ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్ని పావులు ఇచ్చే బోల్టుని ఆయన జన్మలో చూడలేదు. ఎనిమిదో పావుకి అనుమానం వచ్చింది.

"అది బిగుసుకోవట్లేదు మామయ్యగారూ," అన్నాడు అల్లుడు డ్రమ్ము మీంచి లేచి. "ఊరికే గింగిరాలు తిరుగుతోంది. ట్యాంకేమో ప్లాస్టిక్. బోల్టుకి పట్టు కోసం అందులో ఒక ఇత్తడి నట్టు పాతి ఉంటుంది. మనం తలో పావు తిప్పేసరికి ఆ నట్టే ప్లాస్టిక్‌ని ఒరుసుకుని ఊడొచ్చేసింది. ఇప్పుడు బోల్టుతో పాటు అదీ తిరుగుతోంది. కాక్ ఒక పక్క వదులైపోయి పెట్రోలు కారుతోంది."

మనం అన్నది మర్యాదకి. తిప్పింది వాళ్లు నలుగురే.

"బిగిస్తే పాడవడమేంటండీ?" మామగారు నిజంగానే అయోమయంలో పడ్డారు. "వదిలేస్తే పాడవుతుంది గానీ!"

కాసేపట్లోనే పెట్రోలంతా తోడి, ట్యాంకు ఊడదీసి, ముగ్గురూ దాని మీద పడ్డారు. మామగారు రెండు ట్యూబుల జిగురు కలిపి నట్టు చుట్టూ దట్టించారు. అది రాయిలా గట్టిపడింది, నిజమే. కానీ వేలు తగలగానే పాల మీద మీగడలా మొత్తం లేచొచ్చింది. బావమరిది తన గుబురు మీసం దువ్వుకుంటూ నట్టు పక్క సందులోకి టేపు కుక్కి చూశాడు. టేపు లోపలికీ వెళ్లలేదు, బయటికీ రాలేదు. అత్తగారు బట్టల సబ్బు తడిపి పగుళ్లు పూడ్చే పాత చిట్కా వేశారు. దాంతో షెడ్డు మాత్రం సువాసన కొట్టింది.

"కొత్త ట్యాంకు తెప్పిస్తే నెల పడుతుంది," అన్నారు మామగారు ఓడిపోయిన గొంతుతో.

"గుట్ట మీద పూలు పది రోజులే ఉంటాయండీ," అంది తేనెటీగల ఆవిడ. "రేపు తెల్లారేసరికి పెట్టెలు పైకి చేర్చాలి. మీరు చెయ్యలేమంటే..."

"చేస్తాం," అంది భార్య కిటికీ దగ్గర్నుంచి. "ఆయన చేస్తారు. నాలుగింటికి రండి."

తేనెటీగల ఆవిడ అటు వెళ్లగానే మామగారు కూతురి వైపు తిరిగారు. "ఇది బకెట్టు కాదే, పెట్రోలు ట్యాంకు!"

"పందెం వేసుకుందాం నాన్నా. నాలుగింటికి ఒక్క చుక్క కూడా కారకపోతే ఆయనకి ఈ షెడ్డులో ఒక బల్ల ఇవ్వాలి. కారిందా, నా బల్ల మీకిచ్చేసి నేనూ పోయి ఆ డ్రమ్ము మీద కూర్చుంటా."

"కిటికీ పక్కది నాకు!" అన్నాడు బావమరిది. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే తన పానాలు రెండు తీసుకెళ్లి అక్క మేకుకి తగిలించేశాడు.

అల్లుడు భార్యని పక్కకి లాగాడు. "నీకు పిచ్చా? ఆరేళ్లు కష్టపడ్డావు ఆ బల్ల కోసం!"

"అందుకే పెట్టాను. డ్రమ్ము మీద ఇద్దరికి చోటు లేదు. నువ్వు గెలవాల్సిందే," అని నవ్వుతూ అతని జేబులో వైర్లు అతికే తన వేడి కడ్డీ, సోల్డరింగ్ ఐరన్, కుక్కింది. కానీ వెళ్తూ వెళ్తూ తన బల్ల అంచుని ఒకసారి అరచేత్తో నిమిరింది. అది అతను చూశాడు.

ముందు ట్యాంకుని సబ్బు నీళ్లతో మూడుసార్లు కడిగాడు. మూత గట్టిగా పెట్టి బోర్లించి, కాక్ ఉండే కంతలోంచి అంచుకి బొటనవేలంత కిందిదాకా నీళ్లు నింపాడు. పెట్రోలు ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకు దగ్గర వేడి కడ్డీ పెట్టినవాడు రెండోసారి పెట్టడానికి ఉండడు. నీళ్లు నిండితే ఆవిరికి చోటుండదు. అత్తగారు అది చూసి, కళ్లజోడు పైకి నెట్టుకుని, "పర్వాలేదు, తలకాయ ఉంది," అన్నారు. ఆ ఇంట్లో అతను అందుకున్న మొదటి బిరుదు అదే.

తిరుగుతున్న నట్టుకి బోల్టు నాలుగు చుట్లు ఎక్కించి, పట్టకారుతో నిదానంగా పైకి లాగాడు. టప్పుమని వచ్చింది. చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క. దాని ఒంటి మీదున్న గరుకు గాట్ల నిండా నలిగిన ప్లాస్టిక్. అదంతా గీకేసి, ఆకురాయి అంచుతో అడ్డంగా, నిలువుగా కొత్త గాట్లు పెట్టాడు.

ఇక మిగిలింది నట్టు ఊడొచ్చిన కంత. నట్టు తిరిగి తిరిగి అది వెడల్పయిపోయింది. దాన్ని పూడ్చాలి, అదీ ట్యాంకు జాతి ప్లాస్టిక్‌తోనే. జాతి కలవకపోతే ప్లాస్టిక్ అతుక్కున్నట్టే నటించి, నమ్మినప్పుడు విడిపోతుంది. ట్యాంకు అంచు నుంచి ఒక పీచు గీకి కరిగించి వాసన చూశాడు. కొవ్వొత్తి ఆర్పిన వాసన. బకెట్టు పిడి ముక్కని దానికి కలిపి కరిగించి, చల్లార్చి, లాగాడు. విడిపోయింది. కుర్చీ కాలు పెట్టి చూశాడు. అదీ అంతే. పావుగంటలో షెడ్డులో ఉన్న ప్లాస్టిక్ వస్తువులన్నీ తలా ఒక చెక్కు పోగొట్టుకున్నాయి. ఏదీ కలవలేదు. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. అతను నీరసంగా పోయి తన డ్రమ్ము మీద కూలబడ్డాడు.

కూలబడి, లేచి, వంగి డ్రమ్ముని చూశాడు.

దాని ముక్క అతుక్కుంది. పట్టకారుతో లాగితే పట్టకారే జారింది గానీ అతుకు కదల్లేదు. అతను ఇక ఆగలేదు, రంపం తీసుకుని డ్రమ్ము అడుగుని చీలికలు చీలికలుగా కోసేశాడు.

"బావ కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నాడు!" అని బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు.

నవ్వనీ. ఆ చీలికలని సన్నగా కరిగిస్తూ కంత గోడలకి పొరలు పొరలుగా పట్టించాడు. నట్టుని ఒక పొడుగు బోల్టుకి ఎక్కించి, బోల్టు తలకి వేడి కడ్డీ ఆనించి, నట్టుని కంత మీద నిటారుగా నిలిపాడు. తొయ్యలేదు, ఊరికే పట్టుకున్నాడు. వేడి మెల్లగా కిందికి దిగింది. నట్టు తన బరువుకి తనే దిగుతూ, దిగుతూ, సరిగ్గా అంచుకి సమానంగా కూర్చుంది. చుట్టూ నీలం ప్లాస్టిక్ సన్నని అంచులా పైకి పొంగి గాట్లలోకి పాకింది. అతను కడ్డీ తీసేశాడు.

"ఇక నలభై నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు. ఊదకూడదు, నీళ్లు చల్లకూడదు. దానంతటది చల్లారాలి."

ఆ ఇంట్లో వాళ్లని నలభై రోజులు ఉపవాసం ఉండమన్నా ఉందురు. నలభై నిమిషాలు ఒక నట్టు జోలికి పోకుండా ఉండటం ఎలా? మామగారు కాలుగాలిన పిల్లిలా ట్యాంకు చుట్టూ తిరిగారు. వెళ్లిన ప్రతిసారీ పానా కుడిచేతిలోంచి ఎడమచేతికి మారుతోంది. బావమరిది ఏదో కింద పడిపోయిందని వంగి, పాకుతూ ట్యాంకు దాకా వచ్చాడు. అల్లుడు కాలు అడ్డం పెట్టాడు. అత్తగారు టీ తెచ్చారు. "తాగండి బాబూ, నించుని నించుని అలిసిపోయారు," అని ఎంతో ప్రేమగా అంటూ, టీ కప్పు కింద తుడుచుకునే గుడ్డలో దాచిన పానాతో బోల్టు వైపు చెయ్యి చాచారు.

"అత్తయ్యగారూ!"

"ఊరికే, పట్టు చూద్దామని..."

అతను అటు తిరిగేసరికి ఇటు భార్య వేలు నట్టుకి అంగుళం దూరంలో ఉంది. తన బల్లనే పందెం కాసిన మనిషి! పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటారు చూడండి, అది.

"చెయ్యి దానంతటదే వెళ్లింది," అంది ఆమె సిగ్గుపడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

చల్లారింది. పొడుగు బోల్టు విప్పి, నీళ్లు వంచి, ట్యాంకుని బాగా ఆరబెట్టి, కొత్త రబ్బరు రింగు వేసి, కాక్ కూర్చోబెట్టాడు. బోల్టులు రెండూ వేళ్లతో తిప్పాడు. తర్వాత అన్నిటికన్నా చిన్న పానాని రెండు వేళ్లతో, తలకి దగ్గరగా పట్టుకుని, రబ్బరు కాస్త నలిగేదాకా తిప్పి ఆపేశాడు.

నలుగురూ అతని చేతిలోని పానా వైపే చూశారు.

"అంతేనా?" అన్నారు మామగారు.

"అంతే మామయ్యగారూ."

"అంటే, అయిపోయినట్టా?"

"అయిపోయినట్టే."

మామగారు తన బల్లకి ఆనుకుని, కళ్లు తిరిగినవాడిలా నుదురు పట్టుకున్నారు.

ట్యాంకుని బండికి బిగించి, పెట్రోలు నింపి, కింద తెల్ల కాగితం పరిచి ఐదుగురూ చుట్టూ కూర్చునేసరికి మూడైంది. కాగితం తెల్లగానే ఉంది. మూడుంపావు. తెల్లగానే ఉంది. బావమరిది మీసం దువ్వుకోవడం మానేశాడు. మూడున్నరకి అల్లుడు ఇంకాస్త ముందుకి వంగి చూస్తుండగా, కాగితం మధ్యలో టప్‌మని ఒక చుక్క పడింది.

భార్య తన బల్ల వైపు చూసింది. చూసి వెంటనే తల తిప్పుకుంది. ఆ ఒక్క చూపుకి అల్లుడికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. అత్తగారు మాత్రం నేల మీదికి వంగి, కాగితం మీది చుక్కని వేలికి రాసుకుని, ఇంజిన్ ఆయిల్ పరీక్షించినంత శ్రద్ధగా వాసన చూశారు. తర్వాత తల ఎత్తి అల్లుడి మొహం చూశారు. అతని ముక్కు చివర రెండో చుక్క వేలాడుతోంది.

"చెమట," అని తీర్పు చెప్పారు. "బాబూ, కాస్త వెనక్కి జరగండి."

నవ్వు మొదట ఎవరికి వచ్చిందో తెలీదు గానీ, అందరికీ పాకేసింది. మామగారు నవ్వలేక నవ్వలేక దగ్గారు. బావమరిది నేల మీద దొర్లాడు, దొర్లుతూ దొర్లుతూనే లేచి వెళ్లి అక్క మేకు మీంచి తన పానాలు తీసుకున్నాడు.

నాలుగింటికి తేనెటీగల ఆవిడ వచ్చింది. వంగి చూసింది. ముందు జాగ్రత్తకి తెచ్చుకున్న స్టీలు గ్లాసుని కాసేపు చేతిలో తిప్పి, సంచిలో పడేసుకుంది. "తీసుకెళ్లనా?" అని మెల్లగా అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. ఇంటిల్లిపాది చెయ్యీ పడందే బండి గుమ్మం దాటకూడదు.

మామగారు పానా తీసుకున్నారు. ఆపితే మామగారి తండ్రి మాటని కాదన్నట్టు. ఆపకపోతే నట్టు మళ్లీ ఊడుతుంది, భార్య బల్ల పోతుంది, గుట్ట మీద పూలు వాడిపోతాయి. మామగారు మోకాళ్ల మీద కూర్చుని పానా బోల్టుకి పెట్టారు. ఆయన ముంజేతి నరాలు ఉబ్బాయి. ఏళ్ల తరబడి ఆ చెయ్యి ఆగిన చోటు లేదు. పానా పట్టింది, బోల్టు ఆయన బలానికి ఎదురు నిలిచింది, కింద నట్టు కదల్లేదు. ఆయన ఆ పట్టుని అరచేత్తో విన్నారు. ఇనుము ఇచ్చే జవాబు కాదది. మెత్తగా, కానీ ఉన్నచోటే ఉంటానని చెప్పే జవాబు.

ఆయన తిప్పలేదు. పానా తీసేశారు.

"చాలు," అన్నారు.

ఆ షెడ్డు కట్టిన నాటినుంచీ ఆ గోడలు ఆ మాట విని ఉండవు. అత్తగారు, బావమరిది, భార్య ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పానా లేకుండా, వేలితో బోల్టు తల తాకి వెళ్లారు.

ఇక అల్లుడు. అంత సంతోషంలో, అంత పొంగిపోవడంలో, అతను ఏం చేస్తున్నాడో అతనికే తెలీలేదు. పొద్దున్నుంచీ నలుగురి చేతులకీ కాపలా కాసిన మనిషి కిందనున్న పానా అందుకుని, బోల్టుకి తగిలించి, ఇంకో పావు తిప్పబోయాడు.

ఫట్‌మని చేతి మీద దెబ్బ పడింది.

"ఒరేయ్! చాలన్నానా!" అని అరిచారు మామగారు. "బుద్ధుందా నీకు? నట్టూడిపోతుందిరా గాడిదా!"

షెడ్డంతా బిగుసుకుపోయింది. "అల్లుణ్ణి పట్టుకుని ఒరేయ్ అంటారా!" అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. మామగారు నాలుక కరుచుకున్నారు. "అయ్యయ్యో, నోరు జారింది అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి, మీరు..."

"వద్దు మామయ్యా!" అల్లుడు ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. అతనికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి, ఏది ముందు బయటపెట్టాలో తెలీలేదు. "వెనక్కి తీసుకోకండి. గాడిదా అన్నారు కూడా. అదీ ఉండనివ్వండి."

తేనెటీగల ఆవిడ ఇదంతా అర్థమైనట్టే తల ఊపి, బండి స్టార్ట్ చేసి, రోడ్డు మీద ఒక్క చుక్క కూడా పడకుండా వెళ్లిపోయింది.

ఆ వెంటనే మామగారు గోడౌన్లోంచి ఒక మందపాటి చెక్క బల్ల ఈడ్పించి, కోసేసిన డ్రమ్ము ఉన్న మూలన వేయించారు. దాని మీద తన తండ్రి వాడిన పాత వైస్ పెట్టారు. కూతురు గోడకి మేకు కొట్టింది. వైస్‌కి నాలుగు బోల్టులు. రోజంతా చేతులు కట్టేసుకున్న ఆ కుటుంబం ఇక వాటి మీద ఎలా పడిందో చెప్పతరం కాదు. మామగారు పావు, అత్తగారు పావు, బావమరిది పావు, భార్య పావు. బల్ల మూలిగింది. బావమరిది పానా మీద ఊగినంత పని చేశాడు.

అందరిదీ అయ్యాక మామగారు పానా తుడిచి అల్లుడి చేతిలో పెట్టారు.

"నీ చెయ్యి ఒక్కటే పడలేదు."

అతను జాగ్రత్తగా, అలవాటైన ఓపికతో, రెండు వేళ్లతో పట్టుకుని పావు చుట్టు తిప్పి, ఆపి, ఇది చాలా అన్నట్టు చూశాడు.

"ఏం చూస్తావురా?" అన్నారు మామగారు. "ఇది ఇనుమే. ఇంకో పావు తిప్పు."